అల్లం, శొంఠి: ఒక ఇంటిమందు చరిత్ర

“అల్లమంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది” అన్నాడట వెనుకటికొకడు. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పేవారిని గూర్చి తెలుగువారు చెప్పుకొనే సామెత ఇది. ఈ సామెతలోని బెల్లానికి హిందూపురం పెట్టింది పేరు. అక్కడి మార్కెట్టు బెల్లానికీ చింతపండుకూ చాలాకాలంగా ప్రసిద్ధమైనది. కాని సామెతలోని అల్లం మాత్రం ఆ నేలకు పరాయిది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు మూడూ బెంగుళూరు నుండి గుంతకల్లు పోయే రైలుమార్గంలో వరుసగా వస్తాయి. 2022 ఏప్రిల్ వరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. దేశంలో వాన అతి తక్కువగా పడే సీమలలో ఇది ఒకటి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలీనా కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానమీద ఆధారపడి అల్లం పండాలంటే దాదాపు 1,500 మిల్లీమీటర్ల వర్షం, కొంత నీడ, ఎనిమిది తొమ్మిది నెలల పాటు ఆరని తేమ కావాలి. వేరుసెనగకే వాన చాలని చోట అల్లపు మడి మాట చెప్పనక్కరలేదు.

అయినప్పటికీ ఆ సీమలో శొంఠికొమ్ము లేని ఇల్లు అరుదు. ప్రయాణంలో కడుపు తిప్పితే బుగ్గన ఒక అల్లం ముక్క పెట్టుకొంటారు. అజీర్తి చేస్తే అల్లపురసంలో ఉప్పు, నిమ్మరసం కలిపి తాగుతారు. జలుబుకు శొంఠి కషాయం. తలనొప్పికి సానరాతి మీద అరగదీసిన శొంఠి పట్టు. బాలింతకు శొంఠి, పిప్పళ్ళు చేర్చిన కాయం. శ్రీరామనవమి పానకంలో సైతం బెల్లానికి తోడు శొంఠి, మిరియాలు పడవలసిందే. “శొంఠి లేని కషాయం లేదు” అనే నానుడి ఊరకే పుట్టలేదు.

తన నేలలో పండని దుంప ఒక సీమకు మొదటి ఇంటిమందు ఎట్లా అయినది? దానికి జనం ఆపాదించిన గుణాలలో శాస్త్రపరీక్షకు నిలిచినవి ఏవి, నిలవనివి ఏవి? ఇందులో రెండవ ప్రశ్న పండితులకే వదలివేయదగినది కాదు. వాంతులతో సొమ్మసిల్లిన బిడ్డకు కషాయం పట్టి ఊరుకోవలెనా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెనా అన్నది ప్రాణంతో ముడిపడిన సంగతి.

పేరు చేసిన ప్రయాణం

అల్లాన్ని వేరు అనడం వాడుక. నిజానికి అది వేరు కాదు, నేలలో అడ్డంగా పెరిగే కాండం. దానిపై కణుపులు, మొగ్గలు ఉంటాయి. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కొమ్ము అంటారు. శాస్త్రం తెలియని ఇల్లాలు కూడా శొంఠికొమ్ము, పసుపుకొమ్ము అనే అంటుంది. సంస్కృతంలో అల్లానికి ఉన్న శృంగవేరం అనే పేరులోనూ శృంగం, అనగా కొమ్ము, ఉన్నది. అయితే ఈ పేరు మొదట దక్షిణదేశపు మాటయే అని పలువురు భాషావేత్తల అభిప్రాయం. తమిళ, మలయాళాలలో అల్లాన్ని ఇంజి, ఇంచి అంటారు. దానికి వేరు అనే మాట చేరి, సంస్కృతంలోకి పోయి, కొమ్ము అనే అర్థానికి అనుగుణంగా రూపు మార్చుకొన్నదని వారు చెబుతారు. ఆ మాటే పాలీలో సింగివేరం, గ్రీకులో జింగిబెరిస్, లాటినులో జింజిబెర్, అరబ్బీలో జంజబీల్, ఇంగ్లీషులో జింజర్ అయినది. సరుకు ఎక్కడెక్కడికి పోయినదో పేరూ అక్కడికి పోయినది.

తెలుగువారు పచ్చిదానిని అల్లం అనీ, ఎండినదానిని శొంఠి అనీ రెండు వేరు పేర్లతో పిలుస్తారు. 1852లో వెలువడిన సి.పి. బ్రౌను నిఘంటువు ఈ రెండింటికీ వేర్వేరుగా అర్థం చెప్పినది. హిందూపురానికి పొరుగున ఉన్న కన్నడసీమలో పద్ధతి వేరు. అక్కడ పచ్చిది హసి శుంఠి, ఎండినది ఒణ శుంఠి. సరిహద్దుకు ఇవతలి మనిషి అవతలి అంగడికి పోయి శొంఠి అడిగితే ఏది కావాలని మళ్ళీ అడుగుతారు. ఈ రెంటి మధ్య భేదం పేరుతో ఆగిపోదని రసాయనశాస్త్రం తరువాత తేల్చినది.

అల్లం అడవిలో తనంత తాను పెరిగిన చోటు నేటికీ ఎవరూ చూపలేదు. అది గింజ కట్టడం కూడా అరుదు. కొమ్మును ముక్కలు చేసి నాటవలసిందే. అంటే మనిషి చేతిమీదుగా తరతరాలుగా బతుకుతున్న మొక్క ఇది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాలలో ఎక్కడో దీని పుట్టిల్లు ఉండవలెనని శాస్త్రజ్ఞుల ఊహ. లిన్నేయస్ 1753లో దీనిని వేరొక ప్రజాతిలో చేర్చగా, 1807లో విలియం రాస్కో జింజిబెర్ అఫిసినాలె అనే నేటి శాస్త్రనామాన్ని ఇచ్చాడు. ఇందులో రెండవ మాటకు మందులకొట్టుకు చెందినది అని అర్థం.

క్రీస్తుశకం మొదటి శతాబ్దినాటికే ఈ సరుకు రోముకు చేరినది. అది కడుపులో వేడి పుట్టించి అరుగుదలకు తోడ్పడుతుందని గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ రాశాడు. అదే శతాబ్దిలో రోమను రచయిత ప్లినీ దీని ధర పౌనుకు ఆరు వెండి దీనారాలని చెప్పాడు. నల్లమిరియాల ధర అప్పుడు నాలుగు దీనారాలే. అల్లాన్ని మిరియాల చెట్టు వేరుగా కొందరు పొరబడుతున్నారని కూడా ఆయన ఎత్తిచూపాడు. బెల్లంలా పుల్లగా ఉంటుందన్నవాడు మన ఊరిలోనే కాదు, రోములోనూ ఉన్నాడన్నమాట.

పెనుకొండకు వచ్చిన దారి

దక్షిణాపథంలో అల్లానికి ముఖ్యమైన నెలవు పడమటి కనుమలకు ఆవల ఉన్న మలబారు తీరం. 16వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆ తీరాన్ని వర్ణించిన పోర్చుగీసువాడు దుఆర్తె బర్బోసా అక్కడ పండే అల్లాన్ని, మిరియాలను పేర్కొన్నాడు. భట్కళ్ రేవుకూ విజయనగరానికీ మధ్య సాగిన వర్తకాన్ని కూడా చెప్పాడు. రేవులనుండి కనుమలెక్కి వచ్చే సుగంధద్రవ్యాలకు రాజధాని పెద్ద అంగడి. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఆ శతాబ్ది చివరలో అది చంద్రగిరికి తరలేదాకా పెనుకొండ రాజ్యానికి కేంద్రమైనది. రాజధాని ఎక్కడ ఉంటే దూరదేశపు సరుకు అక్కడికి పోతుంది.

అయితే దూరప్రయాణానికి పచ్చి అల్లం పనికిరాదు. దాని బరువులో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. ఎండకు ముడుచుకొంటుంది, తేమకు బూజుపడుతుంది. పొట్టు గీకి ఎండబెడితే నూరు కిలోల పచ్చి అల్లం నుండి సుమారు 20 కిలోల శొంఠి వస్తుంది. ఐదు ఎద్దులు మోయవలసిన బరువు ఒక ఎద్దు మోస్తుంది, ఏడాది గడిచినా చెడదు. నీరు లేని సీమకు నీరు తీసిన అల్లమే తగిన సరుకు. పాత ఇంటివైద్యంలో అల్లం కన్న శొంఠి పేరు ఎక్కువగా వినబడడానికి ఇది ఒక కారణం కావచ్చును.

పెనుకొండలో గగనమహలు, జైన దేవాలయం, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఒకే ఊరిలో ఉన్నట్లే, వైద్యంలోనూ ఆయుర్వేదం, యునానీ ఈ దేశంలో పక్కపక్కన సాగినవి. ఆయుర్వేదం శుంఠి అన్నదానిని యునానీ జంజబీల్ అన్నది. ఖురానులో స్వర్గవాసుల పానీయం జంజబీల్ కలిపినదని ఉన్నది. ఆ అరబ్బీ మాట వెనుక ఉన్నది మన శృంగవేరమే. ఓడ ఎక్కి పడమటికి పోయిన పేరు హకీముల గ్రంథాలతో తిరిగి ఇల్లు చేరినది.

ఒక సంగతి ఇక్కడ గుర్తుంచుకోవలెను. మిరపకాయ అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారు రాకముందు తెలుగు వంటలో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. తరువాత మిరప పొలాలలోనే పండడంతో కారపు స్థానాన్ని అది ఆక్రమించుకొన్నది. అల్లానికి వంటలో పెత్తనం తగ్గినా మందులపెట్టెలో స్థానం చెక్కుచెదరలేదు.

వైద్యగ్రంథాలలో అల్లం

చరక, సుశ్రుత సంహితలు రెండింటిలోనూ అల్లం, శొంఠి కనిపిస్తాయి. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణం ఆయుర్వేదంలో ఎన్నో యోగాలకు ఆధారం. అమరకోశం శొంఠికి విశ్వభేషజం, మహౌషధం అనే పేర్లు ఇచ్చినది. విశ్వభేషజమంటే అన్నిటికీ మందు. తెలుగునాట వైద్యులు ఆదరించిన బసవరాజీయం సంస్కృతంలో తెలుగు భాగాలతో కూర్చినది. భారత ప్రభుత్వపు ఔషధ చట్టం ప్రామాణికంగా గుర్తించిన ఆయుర్వేద గ్రంథాల పట్టికలో అది కూడా ఉన్నది. చీనాదేశంలో కన్‌ఫ్యూషియస్ తన భోజనంలో అల్లం విడువలేదని ఆయన శిష్యులు రాసిపెట్టారు. 14వ శతాబ్దిలో చీనా ఓడలను చూసిన ఇబ్న్ బతూతా, నావికులు కొయ్యతొట్లలో కూరలు, అల్లం పెంచుకొనేవారని తెలిపాడు.

ఇంగ్లీషువారు మద్రాసులో కాలూనిన తరువాత దేశీయ మందులను జాబితాలకు ఎక్కించసాగారు. వైట్‌లా ఎయిన్‌స్లీ అనే వైద్యుడు 1813లోనూ, విస్తరించి 1826లోనూ వెలువరించిన గ్రంథాలలో మందు సరుకుల తమిళ, తెలుగు పేర్లు ఇచ్చాడు. నూరేళ్ళ తరువాత దేశీయ వైద్యం శాస్త్రసమ్మతమా కాదా అనే వాదం ముదిరినది. దానిపై మద్రాసు ప్రభుత్వం 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన సంఘాన్ని నియమించగా, 1923లో నివేదిక వచ్చినది. అప్పటికి అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. కర్నల్ రామనాథ చోప్రా అధ్యక్షుడుగా 1930లో ఏర్పడిన ఔషధ విచారణ సంఘం దేశమంతటా మందుల నాణ్యాన్ని పరిశీలించినది. 1933లో ఆయన ప్రచురించిన దేశీయ ఔషధాల గ్రంథం ఆ రంగంలో మైలురాయి.

అన్నిటికీ మందు అన్న పేరు గౌరవానికి ఇచ్చినది. శాస్త్రజ్ఞుడు అడిగే ప్రశ్న వేరు: ఏ జబ్బుకు, ఏ మోతాదులో, ఏ మేరకు?

ఘాటు వెనుక రసాయనం

అల్లం వాసనకు కారణం ఆవిరయ్యే నూనె. ఘాటుకు కారణం ఆవిరి కాని జిగురు పదార్థం. ఆ ఘాటైన ద్రవ్యాన్ని 1879లో ఇంగ్లండులో జె.సి. థ్రెష్ వేరుచేసి జింజెరాల్ అని పేరుపెట్టాడు. 1917 ప్రాంతాలలో జపానులో నొమురా ఇందుకు సంబంధించిన జింజెరోన్, షొగవోల్ అనే ద్రవ్యాలను అధ్యయనం చేశాడు. జపానుభాషలో అల్లాన్ని షోగా అంటారు. షొగవోల్ పేరు దాని నుండి వచ్చినదే.

పచ్చి అల్లంలో జింజెరాల్ ఎక్కువ. ఎండబెట్టినప్పుడు, వేడి తగిలినప్పుడు జింజెరాల్ అణువులు కొన్ని ఒక్కొక్క నీటి అణువును కోల్పోయి షొగవోల్‌గా మారుతాయి. షొగవోల్ ఘాటు జింజెరాల్ ఘాటుకు ఇంచుమించు రెట్టింపు. వండినప్పుడు జింజెరాల్ కొంత విడిపోయి, ఘాటు తగ్గిన, తియ్యని వాసన గల జింజెరోన్ పుడుతుంది. అల్లానికీ శొంఠికీ తెలుగువారు రెండు పేర్లు పెట్టడం, వైద్యులు రెండింటినీ వేరుమందులుగా చూడడం రసాయనశాస్త్రం దృష్టిలో కూడా సబబే. శొంఠి అంటే నీరు తీసిన అల్లం మాత్రమే కాదు. కొంత మారిన అల్లం.

ఈ ద్రవ్యాలు నాలుకను మండించే తీరు 1997 తరువాత బోధపడినది. మిరపకాయలోని కాప్సైసిన్ శరీరంలో ఏ గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుందో ఆ ఏట అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్నది. ఆ పరిశోధనకు 2021లో నోబెల్ బహుమతి లభించినది. అది నిజానికి వేడిని పసిగట్టే గ్రాహకం. జింజెరాల్, షొగవోల్ కూడా దానినే తట్టుతాయి. అల్లం తింటే వేడి అని పెద్దలనడంలో నాలుకకూ కడుపుకూ కలిగే అనుభవం నిజమే. శరీరపు ఉష్ణోగ్రత పెరిగిపోతుందని మాత్రం దీనికి అర్థం కాదు.

వాంతి ఎట్లా పుడుతుంది?

వాంతి జబ్బు కాదు. శరీరం చేసే ఆత్మరక్షణ. దానిని నడిపే కేంద్రం మెదడు అడుగుభాగంలో ఉన్నది. దానికి వార్తలు మూడు దారుల్లో వస్తాయి. కడుపు, పేగుల నుండి నరాల ద్వారా వచ్చేవి ఒక రకం. రక్తంలో చేరిన విషాల వలన వచ్చేవి రెండవ రకం. లోపలి చెవిలోని సమతూకపు అవయవం నుండి వచ్చేవి మూడవ రకం. కుదుపుల బండిలో చెవి కదలికను చెబుతుంది. పుస్తకంపై ఉన్న కన్ను కదలిక లేదంటుంది. ఈ పొత్తు కుదరకపోవడమే ప్రయాణపు వికారానికి మూలం.

పేగు గోడలోని కొన్ని కణాలు చెడు పదార్థం తగిలినప్పుడు సెరొటోనిన్ అనే ద్రవ్యాన్ని విడుస్తాయి. అది నరాల కొసలలోని గ్రాహకాలను తాకగా, వాంతి కేంద్రానికి వార్త పోతుంది. ఆసుపత్రులలో నేడు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ మందు ఈ గ్రాహకాన్ని మూసివేస్తుంది. జింజెరాల్, షొగవోల్ కూడా, దానికన్న చాలా బలహీనంగా, ఇదే గ్రాహకానికి అడ్డుతగులుతాయని ప్రయోగశాలలలో తేలినది. ఇది కాక, జీర్ణకోశం త్వరగా ఖాళీ కావడానికి అల్లం తోడ్పడుతుంది. 2008లో తైవానులో 24 మంది ఆరోగ్యవంతులకు 1.2 గ్రాముల అల్లంపొడి ఇచ్చి చూస్తే, జీర్ణకోశంలోని ఆహారంలో సగం కిందికి దిగడానికి మామూలుగా పట్టే కాలంలో ఇంచుమించు సగమే పట్టినది. తిన్నది అరగక కడుపు బరువెక్కినప్పుడు అల్లం ఇచ్చే ఊరటకు ఇది కారణం కావచ్చును.

పరీక్షకు నిలిచినదేది?

ధర్మవరంలో రైలెక్కి కదిరి, పాకాల మీదుగా తిరుపతి చేరవచ్చును. అక్కడి నుండి తిరుమలకు 1944లో ఘాట్‌రోడ్డు ఏర్పడినది. ఆ మలుపులలో కడుపు తిప్పకుండా అల్లం ముక్క వెంట తెచ్చుకొనే యాత్రికుల అలవాటును శాస్త్రజ్ఞులు మరొక రూపంలో పరీక్షించారు. 1982లో అమెరికాలో మౌరీ, క్లేసన్ అనే ఇద్దరు ప్రయాణపు వికారం ఎక్కువగా గల 36 మంది విద్యార్థులను తీసుకొన్నారు. కొందరికి అల్లంపొడి, కొందరికి డైమెన్‌హైడ్రినేట్ అనే వాడుకలోని మందు, కొందరికి ఏ గుణమూ లేని ఆకుపొడి ఇచ్చి, కళ్ళకు గంతలు కట్టి, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. తక్కిన రెండు జట్లలో ఆరు నిమిషాలపాటు కూర్చోగలిగినవారు ఒక్కరూ లేరు. అల్లం తిన్నవారిలో సగంమంది కూర్చోగలిగారు. లాన్సెట్ పత్రికలో వెలువడిన ఈ ఫలితం ప్రపంచం దృష్టిని ఆకర్షించినది.

అయితే ఒక్క పరీక్షతో సత్యం తేలదు. 1988లో డెన్మార్కులో, సముద్రానికి అలవాటుపడని 80 మంది నౌకాదళ శిక్షార్థులకు ఒక్కొక్క గ్రాము అల్లమో, ఉత్తుత్తి మందో ఇచ్చి చూశారు. అల్లం తిన్నవారికి వాంతులు, చెమటలు తగ్గినవి. వికారంలో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. 1991లో అమెరికాలో 28 మందిపై జరిగిన తిరిగే కుర్చీ పరీక్షలో అల్లం ఏ మేలూ చేయలేదు. స్కోపొలమిన్ అనే మందు చేసినది. అల్లం పని ముఖ్యంగా కడుపులో జరుగుతుంది. ప్రయాణపు వికారం మొదలయ్యేది చెవిలో, మెదడులో. ఫలితాలు ఇట్లా పరస్పరం విభేదించడానికి ఇది కారణం కావచ్చును.

వేవిళ్ళ విషయంలో సాక్ష్యం ఇంతకన్న గట్టిది. డెన్మార్కులో తీవ్రమైన వేవిళ్ళతో ఆసుపత్రిలో చేరిన 30 మంది గర్భిణులకు రోజుకు ఒక గ్రాము చొప్పున నాలుగు రోజులు అల్లంపొడి, మరి నాలుగు రోజులు ఉత్తుత్తి మందు, ఏది ఎప్పుడన్నది తెలియకుండా ఇచ్చారు. పరీక్ష ముగించిన 27 మందిలో సుమారు 70 శాతం అల్లం తీసుకొన్న రోజులే మేలన్నారు. ఈ ఫలితం 1991లో అచ్చయినది. 2001లో థాయిలాండులో 70 మందిపైన, 2004లో ఆస్ట్రేలియాలో 291 మందిపైన పరీక్షలు జరిగినవి. ఆస్ట్రేలియాలో అల్లం బి6 విటమినుతో సమానంగా పనిచేసినది. వికారం తగ్గినంత స్పష్టంగా వాంతుల సంఖ్య అన్ని పరీక్షలలోనూ తగ్గలేదు. తెలుగు ఇళ్ళలో ఒక విచిత్రం ఉన్నది. బాలింతకు శొంఠి తప్పనిసరి అనే పెద్దలే, వేడి చేస్తుందని గర్భిణికి అల్లం వద్దంటారు. ఈ మోతాదులో అల్లం వలన శిశువుకు కీడు కలిగినట్లు ఇంతవరకు జరిగిన పరీక్షలలో తేలలేదు. అయినా గర్భిణి ఏ మందైనా వైద్యునితో చెప్పి వాడుకోవలెను.

కాన్సరు మందుల వలన కలిగే వికారానికి కూడా దీనిని వాడి చూశారు. 2011లో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు ఎముకల కాన్సరు గల పిల్లలకు, యువకులకు మామూలు మందులతో పాటు శొంఠిపొడి ఇవ్వగా వికారం, వాంతులు తగ్గినవి. 2012లో అమెరికాలో 576 మంది రోగులపై జరిగిన పరీక్షలో రోజుకు అర గ్రాము, ఒక గ్రాము మోతాదులు బాగా పనిచేసినవి. గ్రామున్నర ఇచ్చినందువలన అదనపు మేలు కలగలేదు. ఎక్కువ తింటే ఎక్కువ గుణమనే నమ్మకం అల్లం విషయంలో నిలవలేదు. కీళ్ళనొప్పులకు, నెలసరి నొప్పికి కొంత మేలు చేయవచ్చునని కొన్ని పరీక్షలు చెబుతున్నవి. జలుబుకు కషాయం గొంతుకు హాయినిస్తుంది, జబ్బును మాన్పుతుందనడానికి ఆధారం చాలదు.

కరువునాటి పాఠం

1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని పట్టిన ధాతకరువు దత్తమండలాలను నలిపివేసినది. అనంతపురం అప్పటికింకా ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లా 1882లో ఏర్పడినది. కరువు వెంట కలరా వచ్చినది. మద్రాసు రాజధానిలో 1877 ఒక్క ఏటనే కలరాతో మూడు లక్షలకు పైగా జనం చనిపోయారు. వాంతులకు పేరుపొందిన ఇంటిమందు ప్రతి ఊరిలోనూ ఉన్నది. అది ఆ వాంతులను ఆపలేకపోయినది. దొరల వైద్యం కూడా ఇంతకన్న మేలుగా లేదు. ఆ శతాబ్దిలో ఇంగ్లీషు వైద్యులు కలరాకు నల్లమందు, పాదరసపు లవణం ఇచ్చారు. ఒకకాలంలో నెత్తురు తీశారు కూడా.

ఎందుకు ఓడిపోయినవో 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చేసిన ప్రయోగాలు తెలియజెప్పినవి. కలరా సూక్ష్మజీవి ఒక విషాన్ని విడుస్తుంది. దాని వలన పేగు గోడలు శరీరంలోని నీటిని, లవణాలను బయటికి కుమ్మరిస్తాయి. ఒక్క రోజులో ఎన్నో లీటర్లు పోవచ్చును. మనిషిని చంపేది వాంతి కాదు, ఈ నీటిలోటు. వికారాన్ని తగ్గించే ఏ ఘాటైన మందూ దీనిని పూడ్చలేదు.

పూడ్చేదేదో తరువాత తెలిసినది. గ్లూకోసు తోడుంటే పేగు ఉప్పును, దానితో నీటిని పీల్చుకొంటుంది. కలరాలో కూడా ఆ శక్తి చెడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బెంగాలులోని బన్‌గావ్ వద్ద, సూదిమందు ద్రవాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని రోగుల చేత తాగించాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నాలుగులోపుకు దిగినవి.

ఈ నీటి పొట్లాలు నేడు ప్రతి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలోనూ దొరుకుతాయి. పొట్లం అందనిచోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమంగా కొలిచిన ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలిపి తాగించవచ్చును. బిడ్డ వాంతి చేసుకొంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా పట్టవలెను. ఆసుపత్రికి పోయే దారిలో కూడా ఇది ఆపరాదు.

వాడుక, జాగ్రత్తలు

మామూలు అజీర్తికి, వేవిళ్ళకు రోజు మొత్తంమీద ఒక గ్రాము శొంఠిపొడి చాలునని పైపరీక్షల సారం. ఎక్కువైతే కొందరికి గుండెమంట, నోటిమంట కలుగుతాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమయ్యేవారు వైద్యుని అడగకుండా మందుగా వాడరాదు. వంటలోని అల్లానికి ఈ భయం లేదు.

వాంతిలో నెత్తురు పడినా, భరించలేని కడుపునొప్పి, ఛాతీనొప్పి ఉన్నా, కళ్ళు పచ్చబడినా, తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులైనా, పసిపిల్లలు మూత్రం పోయక మగతగా ఉన్నా శొంఠికొమ్ము వైపు చూడరాదు. అవి వైద్యుడు వెంటనే చూడవలసిన గుర్తులు.

మందు మంచిదైనా సరుకు మంచిది కాకపోతే ప్రమాదమే. అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న రోజులలో సారా పాలు ఎక్కువగా ఉన్న జమైకా అల్లపు అరకును కొందరు మత్తు కోసం తాగేవారు. 1930లో ఆ అరకులో ఒక పారిశ్రామిక రసాయనాన్ని కల్తీ చేయగా వేలాదిమందికి కాళ్ళు చచ్చుబడినవి. తప్పు అల్లానిది కాదు, కల్తీది. పురుగు పట్టకుండా, తెల్లగా కనబడేందుకు శొంఠికి సున్నం పూయడం మన బజారులో పాత అలవాటు. కనుక కొమ్మును కడిగి, ఆరబెట్టి, ఇంటిలోనే దంచుకోవడం మేలు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రజలు తమ నేలలో పండని దుంపను వందల ఏళ్ళుగా నమ్ముకొన్నారు. ఆ నమ్మకంలో ఒక భాగం ప్రయోగశాలలో నిలిచినది. వికారానికి, అజీర్తికి శొంఠి పనికివస్తుంది. మరొక భాగం నిలవలేదు. కడుపు తిప్పినప్పుడు అల్లం చాలును. ఒంటిలోని నీరు పోతున్నప్పుడు ప్రాణం నిలిపేది అల్లపు ఘాటు కాదు, తీపీ ఉప్పూ కలిసిన నీరు. ఈ తేడా తెలిసిన ఇంట అల్లమంటే నిజంగా తెలిసినట్లే.